మరియ తల్లి పాదం

పోయిన నెలలో ఒక ఆదివారం, పూజ అయి ఇంటికొచ్చి ఇంకా చీరైనా మార్చుకోకుండా కాఫీ తాగుతుండగా, నేను పుట్టి పెరిగిన ఊరి గుడి గురువుగారు, మా పెద్ద మనవడి వయసుండే కుర్ర ఫాదరుగారు, ముందుగా ఫోను చేసి మరీ రాజమండ్రిలో నేనుంటున్న మా అమ్మాయి ఇంటికి వచ్చారు. కాలవగట్టు రోడ్డును వెడల్పు చేస్తున్నారనీ, గట్టుమీద ఇన్నేళ్ళుగా నిలబడి ఉన్న మా రాతి సిలువను క్రేనుతో ఎత్తించి గుడి ఆవరణలోకి మార్చారనీ చెప్పి, సెల్లులో ఫోటోలు ఒక్కొక్కటే జరుపుతూ చూపించారు. సిలువ మీద ప్రభువు, కింద ఒక పక్క ఆయన ప్రేమించిన శిష్యుడు, ఇంకో పక్క మరియ తల్లి. ఆ తల్లి చీర అంచు దగ్గర, ముందుకు సాగి ఉండవలసిన పాదం లేక, నల్లటి గుంట మాత్రం కనపడుతోంది.

ఫాదరుగారు వచ్చిన పని ఒక్కటే. ఊరి పండగలోపల ఆ లోటు పూడ్చడానికి ఒక శిల్పిని మాట్లాడారట. విరిగిన ముక్క దొరికితే దాన్నే అతుకుతాడట, దొరక్కపోతే కొత్త పాదం చెక్కి పెడతాడట. ఆనాటి పెద్దలెవరూ మిగల్లేదు, ఇప్పుడు ఊళ్ళో ఉన్నవాళ్ళను అడిగితే కొందరు తుఫానులో విరిగిందన్నారు, కొందరు గిట్టనివాళ్ళెవరో విరగ్గొట్టారన్నారు. ఆ ముక్క ఏమైందో మాత్రం ఎవరూ చెప్పలేకపోయారు.

"ఉపదేశిగారి పెద్దమ్మాయి మీరే కదండీ. మీకైతే తెలుస్తుందని అందరూ అన్నారు," అన్నారు ఆయన.

నాకు తెలుసు. దాన్ని విరగ్గొట్టించింది మా నాన్నగారు. ఆ ముక్కను ఊరు దాటించి పోగొట్టింది నేను. ఆ రెండు మాటలూ ఆయన ముందు దాచాను. కనుక్కుని చెబుతానని మాత్రం అన్నాను. ఆయన వెళ్ళిపోయాక ఆ పూటంతా కిటికీ దగ్గర జపమాల పట్టుకుని కూర్చున్నానే గాని పూసలు ముందుకు జరగలేదు, మనసు ఆ గట్టుమీదే తిరిగింది.

మన డెల్టాలో ఎంత లోతు తవ్వినా నల్ల బంకమన్నే గాని రాయి తగలదని మీకు తెలుసు. మన ఇళ్ళలో రోళ్ళూ, తిరగళ్ళూ, గుమ్మం ముందు బట్టలుతికే బండా, అన్నీ మెట్ట నుంచి కాలవల మీద పడవల్లో దిగినవే. మా రాతి సిలువా అలాగే దిగింది. నేను పుట్టకముందు నుంచీ మా విచారణను, అంటే మా ఊరూ చుట్టుపక్కల ఊళ్ళ సంఘాలనూ, చూసిన ఫ్రెంచి గురువుగారు, ఆ దేశానికి పడమటి కొసన, సముద్రం ఒడ్డునున్న బ్రిటనీ అనే సీమవారు. ఆ సీమలో దారులు కలిసే ప్రతి చోటా ఇలాంటి రాతి సిలువ, కల్వరి అంటారు, ఒకటి ఉంటుందట. సంతకు వెళ్ళే ఆడవాళ్ళు బుట్టలు దాని మెట్టుమీద దింపుకుని, ఒక దణ్ణం పెట్టుకుని, మళ్ళీ ఎత్తుకుని పోతారట. ఆయన సొంత ఊరిదాన్ని ఎప్పుడో వాళ్ళ దేశపు గొడవల్లో ఎవరో పగలగొడితే, ఊరివాళ్ళు ముక్కలన్నీ గడ్డివాముల కింద దాచి, గొడవలు చల్లారాక తీసి ఇనప కమ్మీలతో కలిపి నిలబెట్టారట. ప్రభువుకు ఒక చెయ్యీ, శిష్యుడికి తలా మాత్రం దొరకనే లేదట. ఇవన్నీ మా నాన్నగారు చెప్పగా విన్నవి. ఆయనకు ఉపదేశి పని ఇచ్చింది ఆ గురువుగారే. నాన్నగారు ఆయనతో కలిసి సైకిలు మీద ఊరూరా తిరిగి సువార్త చెప్పిన మనిషి.

ఇక్కడ చెక్కడానికి దొరికినవాడు పెద్దాపురం వైపు రోళ్ళు కొట్టుకునే ముసలాయన. మన మతం వాడు కాడు. ఊరి అమ్మవార్ల రాళ్ళు తప్ప మనిషి రూపం చెక్కి ఎరగడు. గురువుగారు కాగితం మీద బొమ్మ గీసి ఇచ్చారు. ఆ బొమ్మలో మరియ తల్లి అంగీ నేల దాకా జీరాడుతూ ఉందట, పాదాలు కనపడవు. కాళ్ళు లేని తల్లి ఏం తల్లి అనుకున్నాడో ఏమో, ఆయన అంగీకి కుచ్చెళ్ళు పెట్టి చీర చేసి, దాని అంచు కింద నుంచి ఒక పాదాన్ని ముందుకు చాపి, రెండో వేలికి మెట్టె కూడా తొడిగాడు. ఆ పాదం పెద్దది. పైభాగం వెడల్పుగా, చదునుగా ఉంటుంది. జీవితమంతా రోళ్ళు కొట్టిన చెయ్యి కదా, దానికి తెలిసిన ఆకారమే దానికి వచ్చింది. పడవలోంచి దింపి గడ్డి విప్పి చూసిన రోజున నాన్నగారు మెట్టెను చూసి కంగారుపడి, చెరిపించమంటారా అని అడిగితే, గురువుగారు నవ్వి, కానా ఊరి పెళ్ళికి వెళ్ళిన తల్లి మెట్టెలు పెట్టుకుంటే తప్పేంటి ఉపదేశీ అన్నారట.

ఆ పాదం మీద మొట్టమొదట వసకొమ్ము అరగదీసిన తల్లి ఎవరో ఎవరికీ తెలియదు. మన కాలంలో బిడ్డ పుట్టిన ప్రతి ఇంట్లో వసా, సొంఠీ, కరక్కాయా చనుబాలతో సానరాయి మీద అరగదీసి, ఆ గంధాన్ని వేలితో తీసి బిడ్డ నాలుకకు రాసేవాళ్ళు. కూలికి వెళుతూనో, వస్తూనో ఒక బాలింత ఆ మెట్టు మీద కూర్చుని, చంకలో బిడ్డ ఏడుస్తుంటే, కొంగున ఉన్న కొమ్ము తీసి ఎదురుగా ఉన్న చదునైన రాయి మీద రెండు తిప్పులు తిప్పి ఉంటుంది. సానరాయిలా కనపడ్డదాన్ని సానరాయి చేసుకుంది, అంతే. ఆ బిడ్డ బాగుపడి ఉంటాడు. అక్కడి నుంచి బిడ్డను మొదటిసారి గడప దాటించినప్పుడు ముందు ఆ పాదం దగ్గరకే తీసుకుపోవడం ఊరికి అలవాటయింది. మా పేట వాళ్ళే కాదు, కాలవ అవతలి రైతుల కోడళ్ళూ వచ్చేవాళ్ళు. నాకు ఊహ తెలిసేసరికి మెట్టె అరిగిపోయి ఒక చిన్న గీతగా మిగిలింది, పాదం నడుమ గరిటెలా గుంట పడి అద్దంలా నున్నగా ఉండేది. బడి నుంచి వస్తూ నేను మెట్లెక్కి ఆ గుంటలో అరచెయ్యి పెట్టి చూసేదాన్ని. ఎండలో కూడా చల్లగా ఉండేది. చెయ్యి తీసి వాసన చూసుకుంటే వస ఘాటూ, విరిగిన పాల పులుపూ కలిసిన వాసన. గుడిలో సాంబ్రాణి వాసన మరిచిపోతానేమో గాని ఆ వాసన మరిచిపోను.

నాన్నగారికి అది గిట్టేది కాదు. ఆయన కఠినుడేం కాదు, జ్వరమొచ్చిన పిల్లల ఇళ్ళకు వెళ్ళి మంచం పక్కన మోకరించి వాళ్ళకంటే ముందు తాను కన్నీళ్ళు పెట్టుకునేవారు. అయితే లేఖనం ఆయనకు కంచె లాంటిది. కంచె దాటి ఒక్క మేక వెళ్ళినా లెక్క తనే చెప్పుకోవాలని భయపడేవారు. రాయిని మొక్కుతున్నారని ఆయన బాధ. ఎండాకాలం జ్ఞానోపదేశం తరగతుల్లో ఆ ముచ్చటే, ఆదివారం ప్రసంగంలో ఆ ముచ్చటే. ఆడవాళ్ళు తలొంచుకుని వినేవాళ్ళు, సోమవారం వసకొమ్ము పట్టుకుని వెళ్ళేవాళ్ళు.

నా తరవాత అమ్మకు ఇద్దరు బిడ్డలు పుట్టి పోయారు. ఒకడు నెల తిరక్కుండా, రెండోది అయిదో నెలలో. వాళ్ళిద్దరినీ అమ్మ ఆ పాదం దగ్గరకు తీసుకెళ్ళలేదు, ఉపదేశి భార్య కనుక వెళ్ళకూడదని ఊరుకుంది. మూడోసారి మా చెల్లెలు పుట్టింది. ఇరవయ్యో రోజున, నాన్నగారు పక్క ఊరికి ప్రార్థనకు వెళ్ళినప్పుడు, అమ్మ చెల్లెల్ని పాత చీరలో చుట్టుకుని, నన్ను వెంటబెట్టుకుని గట్టుకు వెళ్ళింది. ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది, ఆవిడ అరగదీస్తున్నంతసేపూ పెదవులు కదులుతూనే ఉన్నాయి. ఎవరో చూసి చెప్పారు. సాయంత్రం వసారాలో మాట లేచింది.

"మోషే చేయించిన ఇత్తడి పాముకే జనం ధూపం వెయ్యడం మొదలెడితే, హిజ్కియా రాజు దాన్ని ముక్కలు చేయించాడు. తెలుసా నీకు?" అన్నారు నాన్నగారు.

"జబ్బు నయమవుతుందని తన అంగీ అంచు పట్టుకున్న ఆవిణ్ణి ప్రభువు కసురుకోలేదు కదండీ," అంది అమ్మ.

"ఆవిడది విశ్వాసం."

"మరి నాదేంటండీ?"

అమ్మకు చదువు రాదు, విన్నవే అన్నీ. అయినా ఆ రోజు ఆయన దగ్గర లేని వాక్యం ఆవిడ దగ్గర ఉందని నాకు అంత చిన్నప్పుడే అనిపించింది.

తన ఇంట్లోనే కంచె తెగిందని ఆయన కుంగిపోయి ఉండాలి. ఈస్టరు ముందు నలభై రోజుల ఆ తపస్సుకాలంలోనే, కోతలకని ఆడవాళ్ళంతా చేలల్లో ఉన్న ఒక మధ్యాహ్నం, వీధుల్లో తిరిగి రోళ్ళకూ తిరగళ్ళకూ గంట్లు పెట్టే ఒకావిణ్ణి పిలిచి గట్టుకు తీసుకెళ్ళారు. నేను గొడుగు పట్టుకుని వెనక నడిచాను. పాదాన్ని విరగ్గొట్టాలని ఆయన ఉద్దేశం కాదు, ఆ మాట నేను ఎక్కడైనా ప్రమాణం చేసి చెబుతాను. నున్నబడ్డ రోలును గంట్లు పెట్టి గరుకు చేస్తారు కదా, అలా ఆ పాదాన్ని గరుకు చేయిస్తే కొమ్ము అరగదీయడానికి వీలుండదు, వీలులేకపోతే మెల్లగా మరిచిపోతారు అని ఆయన ఆలోచన. ఆవిడ ఉలి తీసి, పాదాన్ని చూసి, పైకి తల్లి ముఖాన్ని చూసింది.

"ఇది రోలు కాదు కదండీ అయ్యగారూ. అమ్మోరి పాదం."

"అమ్మోరు కాదు, మరియ తల్లి. నువ్వు గంట్లు పెట్టు, చాలు."

"ఏ తల్లయినా పాదం పాదమే కదండీ," అని గొణుక్కుని, ఉలి మొనతో ఒకసారి తట్టి చెవి పెట్టింది. "బాగా పలచబడిపోయిందండి. దెబ్బ ఓర్చుకోదేమో."

"చిన్నగా కొట్టు," అన్నారు నాన్నగారు.

మూడో దెబ్బకు పాదం మొత్తం, చీర అంచులో కొంత భాగంతో సహా, ఊడి మెట్టు మీద పడింది. పెద్ద చప్పుడేం కాలేదు, కొబ్బరికాయ పగిలినంత. ఆవిడ పనిముట్లన్నీ గుడ్డలో చుట్టేసుకుని, వెనక్కి చూడకుండా గట్టు దిగి వెళ్ళిపోయింది. నాన్నగారు భుజం మీది కండువా తీసి ఆ ముక్కను అందులో పసిబిడ్డను చుట్టినట్టు చుట్టి, గుడికి తీసుకెళ్ళి పూజ వస్త్రాల బీరువాలో పెట్టారు.

ఆ ఆదివారం గురువుగారు వచ్చినప్పుడు, నాన్నగారు ప్రసంగానికి ముందే లేచి, విరగ్గొట్టింది నేనే అని సంఘం ముందు మోకాళ్ళ మీద నిలబడి చెప్పుకున్నారు. పూజ అయ్యాక గుడి మెట్ల దగ్గర పడవ నడిపే పెద్దాయన ఒకాయన, "హిజ్కియా రాజు ఇత్తడి విరిచాడు, మీరు ఏకంగా రాయే విరిచారు. మీదే పైచెయ్యండీ ఉపదేశిగారూ," అన్నాడు. మగవాళ్ళు నవ్వారు. ఆడవాళ్ళు ఎవరూ నవ్వలేదు. తరవాత చాలా రోజులు మా ఇంటికి పేటలోంచి చుక్క మజ్జిగ రాలేదు, ఆయన ఎదురుపడితే కొంగు సవరించుకుని పక్క సందులోకి మళ్ళిపోయేవాళ్ళు. గురువుగారు మటుకు ఆయన్ని మందలించలేదు. అప్పటికే బాగా ముసలివారు. గట్టుకు వెళ్ళి, వంగలేక వంగి, విరిగిన చోటును వేళ్ళతో తడిమి, "ఇప్పుడిది మా ఊరిదానిలా ఉంది," అన్నారు. ఆ తరవాతి ఏడు ఆయన పోయారు.

నాన్నగారు సంఘం ముందు చెప్పుకున్న ఆదివారం నుంచి వారం తిరక్కుండా చెల్లెలికి జ్వరం, ఆయాసం. డొక్కలు ఎగరేస్తూ ఊపిరి పీల్చేది. అంతకు ముందు ఇద్దరూ అలాగే పోయారు. పడవ కట్టించుకుని సిస్టర్లు నడిపే ఆసుపత్రికి తీసుకుపోయారు. అక్కడ వరండాలో అమ్మ ఒక స్తంభానికీ, నాన్నగారు ఇంకో స్తంభానికీ ఆనుకుని కూర్చుని ఉండటం నాకు గుర్తు. అమ్మ ఒక మాట అనుంటే ఆయనకు తేలికగా ఉండేదేమో. నాన్నగారు జపమాల చెప్పబోయి మొదటి జపం నడుమనే ఆగిపోతే, అమ్మ బిడ్డ మీద నుంచి చూపు తిప్పకుండానే మిగతా సగం అందుకుని చెప్పింది. అలా వాళ్ళిద్దరూ ముక్కలు ముక్కలుగా ఆ ప్రార్థన పూర్తి చేశారు. తొమ్మిదో రోజుకు చెల్లెలు తేరుకుంది. దేవుడి దయ, సిస్టర్ల ఇంజెక్షన్లు, ఆ రెంటినీ విడదీసి చూడటం నాకు ఈనాటికీ రాదు.

ఇంటికి వచ్చిన మర్నాడు పొద్దున, అమ్మ పొయ్యి దగ్గర కూర్చుని ఉండగా నాన్నగారు గుడి నుంచి వచ్చారు. చేతిలో అదే కండువా. దాన్ని విప్పి, ఆ పాదాన్ని పొయ్యి గట్టు మీద పెట్టి, దాని పక్కన ఒక వసకొమ్ము పెట్టి, "దీనిమీద అరగదియ్యి," అని మాత్రం అని వెనక్కి తిరిగారు. లేఖనమంతా నోటికి వచ్చిన మనిషి, తప్పయిందన్న మాటకు బదులు ఆ రాయి తెచ్చి పెట్టారు. అమ్మ చేతుల్లోకి తీసుకుని చాలాసేపు చూసింది. ఆ పూట చెల్లెలి కోసం రెండు తిప్పులు తిప్పింది. తరవాత శుభ్రంగా కడిగి తుడిచి, "ఇది నా ఒక్కదాని బిడ్డకేనాండీ," అని, గట్టు చివరి ఇంట్లో పురిటి మంచం మీదున్న పడవాయన కోడలికి నా చేత పంపించింది.

అప్పటి నుంచి ఆ పాదం ఊళ్ళో నడవడం మొదలెట్టింది. ఎవరూ కూర్చుని నిర్ణయించలేదు గాని ఒక పద్ధతి ఏర్పడింది. ఎవరింట్లో బిడ్డ పుడితే ఆ ఇంటివాళ్ళే, రాయి ఎక్కడుందో వాకబు చేసుకుని వెళ్ళి అడగాలి. ఉన్నవాళ్ళు కడిగి ఇవ్వాలి. ఇచ్చినవాళ్ళు తిరిగి అడగకూడదు. ఎవరి దగ్గరైనా ఉండేది తరవాతి బిడ్డ పుట్టేదాకానే. కాలవ అవతలి పెద్ద రైతు ఇంటి కోడలికి కావలసి వచ్చి, ఆ అత్తగారే మా పేటలోకి, ఎన్నడూ రాని సందులోకి, నడిచి వచ్చి మట్టి అరుగు మీద కూర్చుని మంచినీళ్ళు తాగి, "ఆ రాయి ఒకసారి ఇవ్వండమ్మా," అని అడిగి పట్టుకెళ్ళింది. పిల్లలం మేం గుంపుగా వెనకాలే వెళ్ళి సాగనంపాం. నాన్నగారు ఆ విషయం మీద మళ్ళీ ఎన్నడూ ప్రసంగించలేదు. జ్ఞానస్నానాల పుస్తకంలో బిడ్డ పేరు రాసుకుంటూ, తలెత్తకుండా, "రాయి మీ ఇంటికి వచ్చిందా?" అని తల్లిని అడిగేవారు. రాలేదంటే ఎవరింట్లో ఉందో ఆయనే చెప్పేవారు.

నా మొదటి కాన్పు నాటికి మా ఆయనది భీమవరంలో మాస్టరు ఉద్యోగం. ఒక కిరాణా వర్తకుల ఇంటి మేడమీద అద్దెకుండేవాళ్ళం. పురుడు పోసి నన్ను దిగబెట్టడానికి వచ్చినప్పుడు, అమ్మ ఆ రాయిని తువ్వాలులో చుట్టి, బస్సులో ఒళ్ళో పెట్టుకుని తీసుకొచ్చింది. మా అమ్మాయి దాని మీది మందే తాగింది. ఆరు నెలలకు కింద వర్తకుల కోడలికి పిల్లాడు పుట్టాడు. ఆవిడ మెట్లెక్కి వచ్చి, మొహమాటపడుతూ గుమ్మంలో నిలబడి అడిగింది. ఊళ్ళో ఉండవలసిన వస్తువు కదా అని ఒక్క క్షణం అనిపించింది. కానీ అడిగితే ఇవ్వాలి, ఇచ్చి అడగకూడదు, నాకు తెలిసిన పద్ధతి అదే. కడిగి ఇచ్చాను. ఆ వేసవిలోనే బదిలీ అయి వెళ్ళిపోయాం. ఊరికి వెళ్ళినప్పుడు రాయేదని ఒకరిద్దరు అడిగితే, పక్క ఊళ్ళో ఉందని చెప్పాను. ఆ తరవాత అడగడం మానేశారు.

ఫాదరుగారు వచ్చి వెళ్ళాక మా చెల్లెలికి ఫోను చేశాను. అది సిస్టర్ల దగ్గరే నర్సు చదివి, చాలా కాలం ఆసుపత్రుల్లో పనిచేసి రిటైరయింది.

"అక్కా, నన్ను బతికించింది ఇంజెక్షను. ఇప్పుడు పసిబిడ్డలకు ఆ వసలూ అవీ నాకించవద్దని డాక్టర్లు మొత్తుకుంటున్నారు. నువ్వింకా ఆ రాయే పట్టుకుని ఉన్నావా?" అంది.

"పట్టుకుని లేననే కదే నా బాధ," అన్నాను.

"సరే, రేపు భీమవరం బస్సుస్టాండులో ఉంటాను, రా," అంది.

కిరాణా కొట్టు ఉన్న చోట ఇప్పుడు రొయ్యల మేత అమ్మే కొట్టు ఉంది. ఇల్లు మాత్రం వాళ్ళదే. ఆనాటి కోడలు ఈనాటి మామ్మగారు. నన్ను గుర్తుపట్టడానికి రెండు నిమిషాలు పట్టింది గాని, రాయి అనగానే ముఖం విప్పారింది. "మా వాడు దానిమీదే పెరిగాడండి. ఇదిగో ఇప్పుడు బస్తాలు లారీకి ఎక్కిస్తున్నాడే, వాడే," అని చూపించి, ఆ రాయిని పెద్దాపురంలో ఉన్న తన ఆడపడుచుకు ఇచ్చానని చెప్పి, అప్పటికప్పుడే ఆవిడకు ఫోను కలిపి స్పీకరులో పెట్టింది.

"ఆ పాదం రాయా వదినా? ఎందుకు గుర్తులేదూ. మా పిల్ల అయ్యాక కొన్నాళ్ళు పసుపు రాసి దేవుడి గదిలోనే పెట్టుకున్నాం," అంది అవతలి గొంతు. మా చెల్లెలు నా వంక ఓరగా చూసింది, నాన్నగారు వింటే ఏమనేవారో అన్నట్టు. నాకు మాత్రం ఆ పసుపు మీద కోపం రాలేదు. వాళ్ళింట్లో అద్దెకున్న ఒక రైల్వే ఆయన భార్యకు బిడ్డ పుడితే ఆమెకు ఇచ్చారట, తరవాత వాళ్ళు సామర్లకోట క్వార్టర్లకు మారిపోయారట. "వాళ్ళ తరవాత ఎవరికి వెళ్ళిందో తెలీదండి. ఇచ్చాక అడగకూడదని మా వదినే చెప్పింది," అంది ఆవిడ.

సామర్లకోటకూ వెళ్ళాం. మండే ఎండలో ఇద్దరు ముసలాళ్ళం స్టేషను దగ్గర ఆటో దిగి, కనపడిన వాళ్ళనల్లా అడిగాం. ఆవిడ చెప్పిన పాత క్వార్టర్లు పడగొట్టి చాలా ఏళ్ళయింది. రిటైరైన గార్డుగారొకాయన, ఆ కుటుంబం బదిలీ మీద వెళ్ళిపోయిందని మాత్రం చెప్పగలిగాడు. ఎటువైపో ఆయనకూ తెలియదు. అక్కడితో దారి ఆగిపోయింది. తిరుగు బస్సులో చెల్లెలు నా చెయ్యి పట్టుకుని కూర్చుంది, నర్సు నాడి పట్టుకున్నట్టు.

మర్నాడు ఫాదరుగారికి ఫోను చేసి, నాన్నగారి దెబ్బ దగ్గర నుంచి నా చేత్తో నేనిచ్చిన దాకా మొత్తం చెప్పుకున్నాను. ఆయన మధ్యలో అడ్డురాకుండా విన్నారు. చివరికి, "కొత్త పాదానికి మెట్టె పెట్టించమంటారా అండి?" అని అడిగారు. పెట్టించమన్నాను.

పండగకు ఇద్దరం వెళ్ళాం. శిల్పి పనిమంతుడే, అతుకు ఎక్కడుందో వేలితో తడిమితే గాని తెలియదట. తడమడానికి మాత్రం వీల్లేదు, చుట్టూ స్టీలు గ్రిల్లు వేశారు. చాలా అందంగా ఉంది. కుర్ర తల్లులు బిడ్డలను ఎత్తుకుని గ్రిల్లు ఇవతల నుంచి ఫోటోలు తీసుకుంటున్నారు. ఆ బిడ్డలు నిండుగా, ఆరోగ్యంగా ఉన్నారు. వాళ్ళకు టీకాలున్నాయి, మందులున్నాయి, పిలిస్తే వచ్చే అంబులెన్సు ఉంది. అమ్మ ఇద్దర్ని మట్టిలో పెట్టి వచ్చిన ఊరిది, వీళ్ళను చూసి నేను దేవుడికి స్తోత్రం చెప్పకుండా ఎలా ఉంటాను. ఆ రోజులు తిరిగి రావాలని నేను కోరుకోను.

కానీ ఆ రాయి పోయిందని నేను అనుకోవడం లేదు. పోవడం వేరు, ఆగిపోవడం వేరు. ఎక్కడో ఒక ఇంట్లో, ఒక తల్లి బిడ్డకు చివరి తిప్పు తిప్పి, కడిగి, తుడిచి, అడగడానికి వచ్చేవాళ్ళ కోసం ఒక పక్కన పెట్టి ఉంటుంది. ఎవరూ రాలేదు. అప్పటికే అందరికీ అన్నీ కొట్టులో దొరుకుతున్నాయి, ఒకరి గుమ్మంలో నిలబడి ఇంకొకరు అడగవలసిన అవసరమే తీరిపోయింది. తిరిగి ఇవ్వడానికి ఇల్లు తెలియక, పారెయ్యడానికి చేతులు రాక, ఆ ఇంటివాళ్ళు దాన్ని ఇన్నేళ్ళుగా అలాగే ఉంచుకుని ఉంటారు. నేను ప్రతి పూటా జపమాల ముగించాక ఆ తెలియని ఇంటి కోసం ఒక ప్రార్థన కలుపుతున్నాను. ముక్క దొరకాలని కాదు. ఏదో ఒక పొద్దున ఎవరో ఒక కుర్ర తల్లి ఆ గడప ముందు చెప్పులు విడిచి, మొహమాటపడుతూ నిలబడి, ఒకసారి ఇవ్వండమ్మా అని అడగాలని.